చూడకుండా కొట్టిన ఓకే

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి ఒక ఇంజనీరు నేల మీద పడి ఉన్నాడు. గుండెలో ఒకే ఒక్క తూటా. చచ్చిపోయినవాడు ఏజెంట్ డేగకి స్వయానా బావ.

"కోపం ఇంట్లో పెట్టి రా," అన్నాడు చీఫ్.

"ఇంట్లో అక్క ఏడుస్తోంది సార్. చోటు లేదు."

చీఫ్ గొంతు తగ్గించాడు. "మీ బావ కంపెనీ కోడంతా ఒకే రిపాజిటరీలో, అంటే అందరూ రాసే ఒకే ఉమ్మడి గిడ్డంగిలో ఉంటుంది. ఆసుపత్రుల్లో వెంటిలేటర్లు నడిచేదీ దానితోనే. విదేశీ ముఠా అందులో ఒక విషపు మార్పు దూర్చింది. మధ్యాహ్నం రిలీజైతే వెంటిలేటర్లన్నీ ఆగిపోతాయి. అది మీ బావ కనిపెట్టాడు, చంపేశారు. లోపల మన మనిషి ఉంది. కోడ్‌నేమ్ ముత్యం."

కొత్త ఇంజనీరు వేషం, కెమెరా కళ్ళజోడుతో డేగ లోపలికి వెళ్ళాడు. ముత్యం అందంగా నవ్వింది. "ఆ మార్పు నేనెప్పుడో తీసేయించాను. హాయిగా కాఫీ తాగు."

బావ పోయిన మర్నాడే ఆ నవ్వేమిటి? డేగకి ఒళ్లు మండింది. ఒకే రిపాజిటరీలో ఒక సుఖం ఉంది. ఎవరేం చేశారో అందరికీ కనిపిస్తుంది. మార్పుల హిస్టరీ తెరిచాడు. మార్పు అక్కడే ఉంది, వేల ఫైళ్లకి పేర్లు మార్చిన గుట్టలో గడ్డివాములో పాములా. రాసింది ముత్యం. చూసి ఓకే కొట్టాల్సిన మేనేజరు ఓకే కొట్టేశాడు. అభ్యంతరం రాసింది బావ ఒక్కడే.

కంచే చేను మేసింది!

"నువ్వా చంపింది?"

"ఆలస్యమైంది," అంది ముత్యం. ఆమె చేతిలో లిప్‌స్టిక్ పిస్టల్. "రిలీజ్ తొంభై శాతం సిద్ధమైంది, నూరు కాగానే వెంటిలేటర్లకి వెళ్తుంది. వెనక్కి తీసే పర్మిషన్ నీకు లేదు."

డేగ బల్లని ఒక్క తన్ను తన్నాడు. ముత్యం వెల్లకిలా పడింది, తూటా గోడలో దిగింది. వెనక్కి తీయలేకపోతే పోనీ, పాడు చేయొచ్చుగా? ఇక్కడ ఒక్కరి కోడ్ విరిగితే అందరి రిలీజూ ఆగాల్సిందే. ఉమ్మడి ఫైల్లో ఒక బ్రాకెట్ పీకేసి అప్రూవల్‌కి పంపాడు. తొంభై ఎనిమిది. పక్క గదిలోంచి మేనేజరు ఠక్కున ఓకే కొట్టాడు. అందరి కోడునీ కలిపి కట్టే బిల్డ్ విరిగి స్క్రీన్ మీద ఎర్రబడింది. తొంభై తొమ్మిది దగ్గర రిలీజ్ ఆగిపోయింది. డేగ ముత్యం చేతులకి బేడీలు వేశాడు.

మేనేజరు ఊగిపోతూ వచ్చాడు. "ఎవడ్రా బిల్డ్ విరగ్గొట్టింది? కంపెనీ మొత్తం ఆగిపోయింది! బుద్ధుందా?"

"ఓకే కొట్టింది మీరే సార్," డేగ పళ్లు కొరికాడు. "దీనికీ, ఈవిడ పెట్టిన విషానికీ."

మేనేజరు స్క్రీన్ మీద తన పేరు రెండుచోట్లా చూసుకున్నాడు. "రోజుకి వందొస్తాయి. అన్నీ చదివే తీరిక ఎవరికుంటుందయ్యా?"

"మా బావకుండేది సార్."