హోరు లేని అడవి

ఓబుళమ్మ నోటికి గుడ్డ కట్టుకుని ముడి గట్టిగా బిగించింది. మనసు గురి మీద నిలిచినప్పుడు ఆమె గొంతులోంచి సన్నటి మూలుగు వస్తుందట. ఆ సంగతి పాతికేళ్ళ కిందట వేట నేర్పిన పెద్ద మద్దిలేటి చెప్పాడు. ఆయనా పుట్టు చెవిటివాడే, ఆ మూలుగు విన్నవాడు కాదు. ఆమె మెడ మీద రెండు వేళ్ళు ఆనించి దాన్ని పసిగట్టాడు. అప్పటినుంచి అడవిలో నడిచేటప్పుడు ఆమె ఎడమచెయ్యి గొంతు మీదే ఉంటుంది. కాళ్ళకు చెప్పులుండవు. ఎండుటాకు విరిగిన సంగతి చెవి చెప్పదు కనుక అరికాలే చెప్పాలి.

తుపాకి గొట్టం చివర నూలుపోగు కట్టి గాలి ఎటు తిరుగుతోందో చూసుకుంది. అది అడవి వైపునుంచి ఊరి వైపు వీస్తోంది. పొద్దున తొమ్మిదయినా ఇంకా మంచు పూర్తిగా విడలేదు. తెల్లసున్నం కొట్టిన రాళ్ళ గీత దగ్గర నల్లచెలిమ ఊరి పెద్దలు పద్నాలుగు మంది అప్పటికే అడవికి వీపులు తిప్పి నిలబడ్డారు. జీవహత్య కంటబడితే పాపం అంటుకుంటుందని వాళ్ళ నమ్మకం. వేటగాళ్ళకు వాళ్ళు చేతితో నీళ్ళివ్వరు, చెంబు గీత మీద పెట్టి జరిగిపోతారు. ఈ ఉదయం ఆ చెంబు పెట్టిన సర్పంచి దస్తగిరయ్య వెనక్కి నడుస్తూ చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. ఇరవై ఐదేళ్ళుగా చూస్తున్నా ఓబుళమ్మకు ఆ తుడుచుకోవడం మాత్రం ప్రతిసారీ కొత్తగానే మండుతుంది.

సరిహద్దు పర్యవేక్షకుడు పరాంకుశం జీపు దిగి తన మాటపలకను ఆమె ముందుకు జరిపాడు. ఆయన చదివే వాక్యం ఆయన ఛాతీ మీది ఆ పలక మీద అక్షరాలుగా నడుస్తుంది. "ఈ దినం పోయే ప్రాణుల దోషం నాది, ఊరిది కాదు." ఆమె తల ఊపింది. మొక్కజొన్న ఊరిది. అర్జీ పెట్టింది ఊరు. పందులు చావాలని మొక్కుకునేది కూడా ఊరే. దోషం మాత్రం ఎప్పుడూ ఓబుళమ్మది.

తరువాత పరాంకుశం ఇంకో పుట తెరిచాడు. రేపు వేటదళంలో చేర్చుకోబోయే పిల్లల జాబితా అది. పన్నెండు పేర్లున్నాయి, అందరికీ పద్నాలుగేళ్ళు నిండాయి, అందరూ చెవిటివాళ్ళే. మూడో పేరు సుంకులమ్మది. ఓబుళమ్మకు ఒక్కగానొక్క కూతురు. మోటారు మీద అరచెయ్యి పెట్టి ఏ బేరింగు అరిగిందో చెప్పే పిల్ల. ఐటీఐలో సీటు కావాలని మూడుసార్లు దరఖాస్తు పెడితే మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది: వినికిడి లేని అభ్యర్థులను చట్టప్రకారం వేటదళానికి పంపవలెను. రేపు పొద్దున్నే బండి వస్తుందని, మూట సర్దిపెట్టుకొమ్మని పరాంకుశం చెప్పాడు. ఆమె ఇలాంటివాటికి జవాబిచ్చి అలసిపోయింది.

గీత దాటి మొక్కజొన్నలోకి దిగింది.

అరవై ఏళ్ళ కింద అడవి జంతువులన్నీ అంతరించిపోతున్నాయని ఎవరో మహానుభావులు వాటికి కాపుగొంతు పెట్టారు. అది విత్తనంలోనే పెట్టిన అవయవం, తల్లినుంచి పిల్లకు దిగుతుంది. మనిషి వాసన తగిలినా, మనిషి కంటబడినా పంది ఆ గొంతుతో హోరు తీస్తుంది. అర కిలోమీటరు లోపు చెవులున్నవాడెవడైనా నేల మీద పడి కక్కుకుంటాడు, పది నిమిషాలు దాటితే గుండె ఆగుతుంది. చెవుల్లో ఏం కుక్కుకున్నా లాభం లేదు, అది ఎముకల్లోంచి లోపలిచెవికి పోతుంది. ఓబుళమ్మకు లోపలిచెవిలో పట్టుకునేందుకే ఏమీ లేదు. హోరు ఆమెకు రొమ్ముఎముకలో దడగా తెలుస్తుంది, అంతే. యంత్రాలు విత్తుతాయి, యంత్రాలు కోస్తాయి. చంపడానికి మాత్రం యంత్రాన్ని చట్టం ఒప్పుకోదు. ప్రాణం పోతే దోషం మోయడానికి ఒక మనిషి ఉండాలట.

ఇదంతా జరిగాక వినేవాళ్ళకు ఉన్నట్టుండి జీవకారుణ్యం పుట్టుకొచ్చింది. అడవిలో అడుగు పెట్టలేని తమ చేతకానితనానికి అహింస అని పేరు పెట్టుకుని, దానికి పండుగలు, ఉపవాసాలు కూడా కల్పించుకున్నారు. వేటగాళ్ళ పిల్లలతో తమ పిల్లలను ఆడనివ్వరు. పందులు ఊరి చుట్టూ కరెంటు కంచె తోసేదాకా ఇదే వరస. కంచె ఒరిగిన రోజున మాత్రం జీపు వస్తుంది.

ఓబుళమ్మకు వేట మీద ఏ భ్రమలూ లేవు గాని, ఇష్టం ఉంది. ఆ ఇష్టాన్ని ఆమె ఎవరి దగ్గరా దాచుకోలేదు. మొక్కజొన్న కంకులు ఎటు కదిలాయో, గోరింక పిట్టలు ఏ చెట్టు మీదనుంచి ఎందుకు లేచాయో, బురదలో గిట్టగుర్తు అంచు ఎండిందో లేదో, ఇవన్నీ చదువుకుంటూ పోవడంలో ఆమెకు బతికినట్టుంటుంది. చంపడం చివర వచ్చే పని. త్వరగా, ఒక్క గుండుతో, పడిందని తెలియకుండా పడాలి. పంది మీద ఆమెకు పగ లేదు. ఊరి మీదే ఉంది.

కాలువ గట్టు దగ్గర మంద కనబడింది. నలభైకి తక్కువ ఉండవు. ఆమె నలభై అడుగుల దూరంలో ఆగి రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుంది. దడ లేదు.

ఏడాదిగా ఈ దడ తగ్గుతూ వస్తోంది. తనకే వయసు మీద పడి ఎముక మొద్దుబారిందని ఆమె అనుకుంది. ఆ మాట బయటపెడితే దళంనుంచి తీసేసి గుడిసె ఖాళీ చెయ్యమంటారన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. తోటి వేటగాళ్ళూ అదే అనుకుని అలాగే నోరు మూసుకున్నారేమో. మొద్దుబారిన వేటగాడిని ఉంచుకోరన్నది దళంలో అందరికీ తెలిసిన సంగతి.

కానీ ఇవాళ దడ తగ్గడం కాదు, అసలు లేదు. ఆమె కావాలని ఒక గులకరాయి విసిరింది. ముందున్న మగపంది తల ఎత్తి ఆమెను చూసింది. మెడ కింద కాపుగొంతు ఉబ్బాలి. ఉబ్బలేదు, ఆ చోట చర్మం ముడతపడి వేలాడుతోంది. పక్కనున్న ఆడపందిదీ అంతే. దాని పిల్లలకు ఆ ముడత కూడా లేదు. అరవై ఏళ్ళుగా దగ్గరికి వచ్చినవాళ్ళెవరి మీదా హోరు పనిచెయ్యకపోయేసరికి పందుల ఒళ్ళు ఆ అవయవాన్ని దండగ అనుకుని వదిలించుకుంది.

తుపాకి భుజాన వేసుకుని నడుముకున్న వల విసిరే చేతితుపాకి తీసి ఒక పడుచు పంది మీద కొట్టింది. మంద చెదిరిపోయింది. వలలో గింజుకుంటున్న దాని మీద మోకాలు పెట్టి గొంతు మీద అరచెయ్యి ఆనించింది. చేతికి గరుకుగా, తెగిపడుతూ ఒక అదురు తగిలింది. ఉత్త పంది అరుపు. భయపడ్డ ఏ జంతువైనా అరిచే అరుపు.

ఓబుళమ్మ అలాగే కూర్చుండిపోయింది. సంతోషం ముందు వచ్చింది. హోరు లేకపోతే చెవిటివాళ్ళే వేటాడాలన్న చట్టానికి కాళ్ళు లేవు. రేపటి బండికి పని లేదు, సుంకులమ్మ మోటార్ల దగ్గరికి పోవచ్చు. ఆ వెనకాలే ఇంకో ఆలోచన వచ్చింది. హోరు లేకపోతే ఈ అడవిలోకి ఎవడైనా రావచ్చు.

పందిని గట్టు దగ్గర దళం ఉంచే రెండు చక్రాల మోపుబండికి కట్టి గీత వైపు లాక్కొచ్చింది. ఇంకా అర కిలోమీటరు పైన ఉందనగా బండి పొదలో ఆపి, తనొక్కతే నడిచి వెళ్ళి పరాంకుశానికి సంగతంతా పలక మీద రాసి చూపించింది. ఆయన నవ్వాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. ఊరివాళ్ళ వీపులు దాటి, గీత దాటి, పొద దాకా లాక్కెళ్ళింది. మొదటి పది అడుగులు ఆయన కాళ్ళు ఈడ్చాడు. పొద దగ్గర పంది పెదవులు కదలడం, పళ్ళు కనబడడం ఆమె చూసింది. అరుస్తోంది. పరాంకుశం పడలేదు, కక్కుకోలేదు. చాలాసేపు తన చేతుల వైపు చూసుకుని మెల్లగా నేల మీద చతికిలబడ్డాడు.

ఆయన చాలా మాట్లాడాడు. పలక మీద అక్షరాలు ఆగకుండా పరుగెత్తాయి. ఈ సంగతి బయటికి పొక్కితే నెల తిరక్కుండా ప్రతి ఇంట్లో తుపాకి ఉంటుందని, అడవిలో ఒక్క ప్రాణి మిగలదని, తన సరిహద్దు శాఖ ఉండదని, దళం ఉండదని, ఆమె గుడిసె కూడా ఉండదని చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. చివర మాట మాత్రం ఆయన నిదానంగా అన్నాడు.

"నీ కూతురి పేరు నేను తీసేస్తా ఓబుళమ్మా. ఈ పందిని ఈడనే కొట్టి పూడ్చు. ఎవురికీ చెప్పొద్దు."

ఆమె రాసింది: "కడమ పదకొండు మంది?"

"వాళ్ళు నీ పిల్లలా?"

ఆ నాలుగైదు క్షణాల్లో ఆమె ఒప్పుకుంది. నిజంగా ఒప్పుకుంది, సుంకులమ్మ నూనె మరకల చేతులు కళ్ళ ముందు మెదిలాయి. ఒప్పుకుంటే ఎంత తేలిక. అడవి బతుకుతుంది, పందులు బతుకుతాయి, పిల్ల బతుకుతుంది. పదకొండు మంది పిల్లలు మాత్రం పద్నాలుగో ఏట గొంతు మీద చెయ్యి పెట్టుకుని నడవడం నేర్చుకుంటారు, లేని హోరు కోసం. వాళ్ళు తెచ్చిన మాంసం మీద ఊరు ఉమ్ముతుంది. చేతులు పంచెకు తుడుచుకుంటుంది. మేము శుద్ధులం అనుకుంటూ వీపులు తిప్పి నిలబడుతుంది, ఇంకో అరవై ఏళ్ళు. అది ఆమెకు మింగుడుపడలేదు. పిల్లల మీద జాలి ఎంతో, ఆ వీపుల మీద కసి అంత. ఏది ఎక్కువో తనకే తెలియదు.

ఆమె మోపుబండి తాడు భుజాన వేసుకుంది.

పరాంకుశం ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి గుంజాడు. ఆమె మోచేత్తో ఆయన్ని నెట్టేసింది. ఆయన పొదలో పడ్డాడు. ఏదో కేక వేసి ఉంటాడు, ఆమె పలక వైపు చూడలేదు. ఎత్తుపల్లాల నేల మీద బండి ఎగిరెగిరి పడుతూ వచ్చింది. గీత మీది సున్నపురాయి ఒకటి చక్రం కింద దొర్లిపోయింది. పద్నాలుగు వీపులకు ఆరు అడుగుల దూరంలో ఆమె బండి ఆపింది.

వీపులు బిర్రబిగిశాయి. ఇద్దరు చెవులు మూసుకుని మోకాళ్ళ మీద కూలబడ్డారు. ఒకాయన కక్కుకున్నాడు కూడా, ఉత్త భయంతో. మిగతావాళ్ళు పడడానికి సిద్ధపడి నిలబడ్డారు, ఎంతకీ పడలేదు. అందరికంటే ముందు దస్తగిరయ్య తిరిగి చూశాడు. పంది నోరు తెరిచి అరుస్తోంది, ఆయన ముఖం దానికి బారెడు దూరంలో ఉంది. ఆయన తన చెవి తడుముకున్నాడు. తరువాత ఒక్కొక్కరే తిరిగారు.

వాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పెదవులు అంత వేగంగా కదులుతుంటే ఆమెకు ఏమీ అందలేదు, అందాల్సిన అవసరమూ లేకపోయింది. పరాంకుశం ముళ్ళు దులుపుకుంటూ వచ్చి జీపులో కూర్చున్నాడు. పన్నెండు పేర్ల పుట ఆయన ఒళ్ళోనే తెరిచి ఉంది, ఆయన దాని వైపు చూడడం లేదు. ఆ పుటతో ఇక ఎవరినీ బండెక్కించలేరు.

ఓబుళమ్మ నోటి గుడ్డ విప్పేసింది. ఆమె గొంతు ఎలా ఉంటుందో ఊరికి తెలుసు. చిన్నప్పుడు ఇదే ఊరి వీధిలో పిల్లలు దాన్ని వెక్కిరిస్తుంటే ముఖాలు చూసి తెలుసుకుని, మాట్లాడడం మానేసింది. భుజాన ఉన్న తుపాకి తీసి దస్తగిరయ్య ముందుకు చాపింది.

"నువ్వే కొట్టు, దస్తగిరన్నా."

ఎవరూ నవ్వలేదు. ఆమె ఆయన ముఖాన్నే చూస్తోంది. ఆయన వెనక్కి తగ్గుతాడని, చెయ్యి తుడుచుకుంటాడని, శివశివా అంటాడని అనుకుంది. అరవై ఏళ్ళ పుణ్యం అక్కడే నేల మీద జారిపోవడం కళ్ళారా చూద్దామనుకుంది. ఆ ఒక్కటీ చాలు, తన గుడిసె పోయినా చాలు.

దస్తగిరయ్య రెండు చేతులూ చాపి తుపాకి అందుకున్నాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి బరువు చూశాడు. గొట్టం మీద బొటనవేలితో ఒకసారి నిమిరాడు. ఆయన వెనక ఇద్దరు ముసలివాళ్ళు ముందుకు జరిగి, తరువాత వంతు ఎవరిదో ఒకరినొకరు భుజాలతో తోసుకుంటున్నారు. ఒకాయన అప్పుడే కాలువ గట్టు వైపు వేలు చూపించి పక్కవాడికి ఏదో చెబుతున్నాడు. కాలువ గట్టు దగ్గర నలభై పందులున్నాయి, వాటికి గొంతు లేదు. ఆ సంగతి ఊరికి తెలిసేలా చేసింది తనే.

దస్తగిరయ్య ఆమెకు అర్థమయ్యేలా పెదవులు విడదీసి నిదానంగా అడిగాడు. పాతికేళ్ళలో ఆయన ఆమెను సూటిగా అడిగిన మొదటి మాట అది.

"యాడ కొట్టల్ల?"

గొట్టం పంది పొట్ట మీదకు తిరిగి ఉంది. ఆమె వంగి, గొట్టాన్ని రెండు వేళ్ళతో పట్టి చెవి వెనకకు జరిపింది. పొట్టలో తగిలితే అది సాయంత్రం దాకా చావదు.