ఇంటి చూపులు

ఆపిల్ ఎర్రగా నిగనిగలాడుతోంది. తన కళ్ళద్దాల షాపు నుంచి ఆకలితో ఇల్లు చేరిన అబ్బాయి, బల్ల మీది పళ్ళెంలోంచి దాన్ని తీసి గట్టిగా కొరికాడు.

పళ్ళకి మైనం అంటుకుంది.

"అది తినేది కాదండీ, చూసేది," అందొక గొంతు.

తిరిగి చూస్తే, మెడలో టేపు, చేతిలో కర్టెనుతో ఒకమ్మాయి స్టూలెక్కి నిలబడి ఉంది.

"ఎవరండీ మీరు? మా ఇంట్లో మైనం పళ్ళేమిటి?"

"అమ్మకానికి పెట్టిన ఇళ్ళని ముస్తాబు చేస్తాను. బ్రోకరు గారు పంపారు, మీ అమ్మగారు తలుపు తీశారు. ఆ ఆపిల్‌కి గాటు పడింది, గాటు గోడ వైపుకి తిప్పి పెట్టండి."

కోపం రావలసిన చోట అతనికి నవ్వొచ్చింది.

ఆ ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదు. అమ్మకి మోకాళ్ళు అరిగిపోయి, బజారు మొహం చూసి ఎన్నాళ్ళయిందో. రెండు వీధుల అవతల కింది అంతస్తులో ఓ ఇల్లు దొరికింది. ఆ ఇంటాయన నెలాఖరు దాకానే ఆగుతానన్నాడు. ఈలోగా ఇది అమ్ముడవ్వాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళేమో మెట్లెక్కి ఆయాసపడి, లోపలి సామాను చూసి నీరసపడి వెళ్ళిపోతున్నారు.

"అంటే పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చేసినట్టు," అంది అమ్మ కుర్చీలోంచి. "ఇవి ఇంటి చూపులన్నమాట."

"అంతేనండీ. కాకపోతే ఈ పిల్ల ఎదురు చెప్పదు."

గోడల మీది ఫోటోలన్నీ దిగిపోయాయి. చిన్నప్పుడు అతను బట్టల్లేకుండా బోర్లాపడ్డ ఫోటో కూడా.

"అదీ తీసేశారా?" అన్నాడతను.

"ముందు అదే తీశాను. కొనేవాళ్ళు బెదిరిపోతారు."

చివరికి దేవుడి పటం అల్మారాలోకి వెళ్ళింది. ఆ అమ్మాయి కాస్త బెరుగ్గానే అడిగింది, "ఏమనుకోకండమ్మా, వచ్చినవాళ్ళు ఇక్కడ వాళ్ళ దేవుణ్ణి ఊహించుకోవాలి కదా."

"ఆయనకేం తల్లీ, అల్మారాలోనూ ఉంటాడు," అంది అమ్మ. ఆ రోజు నుంచి అల్మారా తలుపులు తీసి, చీరల మధ్య ఉన్న దేవుడికి దండం పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ పిల్లకి ముస్తాబులమ్మాయి అని పేరు కూడా పెట్టేసింది.

ముస్తాబులమ్మాయి కిటికీ దగ్గర రెండు పింగాణీ కప్పులు పెట్టింది.

"ఎవరికి?" అన్నాడతను.

"ఎవరికీ కాదు. ఇక్కడ ఎవరో ఇద్దరు సుఖంగా ఉన్నారని అనిపించాలి."

"అబద్ధం కదా మేడం?"

"ఇస్త్రీ చేసిన చొక్కా అబద్ధమా సార్? కుళాయి కారుతుందా అని వాళ్ళడిగితే, కారుతుందనే చెప్తాను. ముస్తాబు వేరు, మాట వేరు."

ఆదివారం పొద్దున్నే వాన పట్టుకుంది. ఇల్లు చూసేవాళ్ళు వచ్చేందుకు ఇంకా టైముందని అతను టీ పెట్టి, ఆ రెండు కప్పుల్లోనే పోశాడు. జల్లు కిటికీలోంచి, చివరి సర్దుళ్ళకి వచ్చిన ముస్తాబులమ్మాయి ముంగురుల మీద పడుతోంది. అతను అటే చూస్తున్నాడు. కప్పు ఒరిగింది.

"సార్, కప్పు జాగ్రత్త, అద్దెది," అందామె.

"లోపలికి రావచ్చా?" అని గుమ్మంలోంచి వినపడింది. తడిసిన గొడుగుతో భార్యాభర్తలిద్దరు.

"మా అమ్మాయికి కొత్తగా పెళ్ళయింది, దానికోసం చూస్తున్నాం," అందావిడ, రెండు కప్పులకేసీ ఇద్దరు మనుషులకేసీ మార్చి మార్చి చూస్తూ. "మీరిద్దరూ కాపురమున్న ఇల్లన్నమాట. చక్కగా సర్దుకున్నారు."

అతనికి అమ్మ మోకాళ్ళు గుర్తొచ్చాయి.

"అవునండీ. మా ఆవిడే సర్దింది," అనేశాడు.

ముస్తాబులమ్మాయి అతనికేసి చూసింది. ఆ చూపు తట్టుకునే అద్దం అతని షాపులో లేదు. వచ్చినవాళ్ళు గదులన్నీ చూసుకుని, రేపు ఫోన్ చేస్తామని వెళ్ళగానే ఆమె టేపు చుట్టి సంచీలో పెట్టుకుంది.

"నేను ముస్తాబు చేసింది మీ ఇంటిని. మీ మాటని కాదు," అని, వానలోనే వెళ్ళిపోయింది.

లోపలి గదిలో, తెరిచిన అల్మారా ముందు అమ్మ కూర్చుని ఉంది.

"ఆయన అల్మారాలో ఉన్నాడు కదా, వినపడదనుకున్నావట్రా?"

"నీ మోకాళ్ళ కోసమేనమ్మా."

"మోకాళ్ళు అరిగింది నావి. నీ నాలుక ఎందుకు అరగ్గొట్టుకుంటావు?"

మంచి కోసం ఆడిన అబద్ధానికి మన్నింపు ఉంటుందా? పెద్దలు ఎప్పట్నుంచో వాదించుకుంటున్నారు. నాకు తెలిసింది తక్కువ. ఆ అబ్బాయికి ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదని మాత్రం తెలుసు. సగంలో చెయ్యి కడుక్కుని, బ్రోకరు దగ్గర నెంబరు తీసుకుని వాళ్ళకి ఫోన్ చేశాడు.

"ఆవిడ నా భార్య కాదండీ. ఇల్లు సర్దడానికి వచ్చిన మేడం. అబద్ధం చెప్పాను. ఇల్లు వద్దనుకుంటే అది నా తప్పే."

అవతల ఆవిడ నవ్వింది.

"ఏ పెళ్ళామూ మొగుణ్ణి 'సార్, కప్పు జాగ్రత్త, అద్దెది' అనదు బాబూ. గుమ్మంలోనే విన్నాం. విన్నాకే కాపురం మాట కావాలని ఎత్తాను. మా ఆయన గోడలు చూశాడు, నేను మనిషిని చూద్దామని ఆగాను. నువ్వు ఫోన్ చెయ్యకపోతే మెట్లు ఎక్కువని వంక పెట్టి ఊరుకునేవాళ్ళం."

"అయితే ఇప్పుడు?"

"మా పిల్లది మెట్లెక్కే వయసే. ఇల్లు తీసుకుంటాం. ఆ రెండో సంగతి మీరిద్దరూ చూసుకోండి."

మర్నాడు సాయంత్రం అద్దె సామాను తీసుకెళ్ళడానికి ముస్తాబులమ్మాయి వచ్చింది.

"కప్పులు?"

"కడిగి పెట్టాను."

"ఆపిల్?"

"అది నేను కొనుక్కుంటాను. కొరికింది నేనే కదా."

ఆమె నవ్వు ఆపుకుంది. "నిజం చెప్పేశారట."

"ఎవరు చెప్పారు?"

"మీ అమ్మగారు. ఉదయం నుంచీ మూడుసార్లు ఫోన్ చేసి."

"కొత్తిల్లు సర్దాలి. ఎవరికీ చూపించడానికి కాదు. వస్తారా?"

"ఎలా సర్దాలి?"

"అక్కడ ఎవరో ఇద్దరు సుఖంగా ఉన్నారని అనిపించాలి."

"అబద్ధం కదా సార్?"

"మీరు ఒప్పుకుంటే కాదు."

ఆమె ఒక కప్పుని కాగితంలో చుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టింది. "ఆ రోజు టీలో చక్కెర తక్కువేశారు," అంది తల వంచుకునే. "ఇకమీదట ఇంకో చెంచా వెయ్యాలి."

లోపలి గదిలోంచి అమ్మ కేకేసింది. "ఒరేయ్, ఆ అల్మారా తలుపు తియ్యి. ఈ మాట ఆయన కూడా వినాలి."

అతను కదిలేలోపే ముస్తాబులమ్మాయి వెళ్ళి తలుపు తీసింది.