యాభై తొమ్మిది మీటర్ల గుట్ట

ఉరవకొండ అవతల ఆ గుట్టను, కుళాయి సర్వేకొచ్చిన సువర్ణ మిట్టమధ్యాహ్నం మూడోసారి ఎక్కింది. చేతిలో జీపీఎస్ మిషను. కింద బోరు నుంచి పైనున్న పల్లె దాకా నడిస్తే, ఎన్ని మీటర్లు ఎక్కామో అది లెక్కగడుతుంది. అరవై దాటితే పల్లెకు కుళాయి లేదు. మిషనులో పడిన అంకె తప్ప చేత్తో రాసింది ఆఫీసులో చెల్లదు. గడువు ఇవాళే ఆఖరు.

పైకొచ్చి చూసింది. నూట పద్దెనిమిది! మూడుసార్లూ అదే!

"నీ మొహం మండ! కంటికి అరవై కూడా కనపడదు గదా!" అని మిషనును తిట్టింది. మడమలు బొబ్బలెక్కాయి. సీసాలో నీళ్లయిపోయాయి. ఇక ఏడుపొక్కటే తక్కువ.

పల్లె పెద్ద రంగన్న బండ మీద కూర్చుని నేలచూపులు చూస్తున్నాడు.

"నేనొక్కదాన్నే కదా ఎక్కింది? ఇద్దరు ఎక్కినట్టు చూపిస్తాండాది, పెద్దాయనా!"

సువర్ణ విసుగ్గా అంకెను సున్నా చేసి, మిషనును బండ మీద పడేసింది.

ఒకటి... రెండు... మూడు...

ఎవరూ తాకలేదు. అంకె నింపాదిగా పెరుగుతోంది. కాలిపోతున్న రాళ్ల మధ్య తడిమట్టి వాసన వచ్చింది. ముప్పై దగ్గర అంకె ఆగింది.

"నిలబడినాదా?" రంగన్న గుసగుసగా అడిగాడు. "సగం దావలో కుండ దించుకుంటాది."

"ఎవరు?"

"నల్లమ్మ. నా పెండ్లాము. నీళ్లు మోస్తా ఆడనే పడిపోయినాది. నాలుగేండ్లాయ."

"మూడుసార్లు ఎక్కించి ఇప్పుడా చెప్పేది!"

"ముందే చెప్తే నువ్వు ఎక్కుతావా పాపా? కుళాయి వస్తే మోసేది మానుకుంటాదేమోనని..."

ముప్పై ఒకటి. నలభై. యాభై. రొప్పు వినిపించింది... దగ్గరగా... ఇంకా దగ్గరగా.

యాభై తొమ్మిది. ఆగింది. సువర్ణ చెవి పక్కనే ఆయాసం.

వేలు సేవ్ బటన్ మీద పెట్టింది. "పెద్దమ్మా, చాలు. ఇదే పంపిస్తా. నీళ్లొస్తాయి. ఇంక ఎక్కొద్దు."

నొక్కింది. సేవ్ కాలేదు. మళ్లీ నొక్కింది.

అరవై.

"వద్దే నల్లమ్మా, ఆగే!" రంగన్న ఏడుస్తూ లేచాడు.

అరవై ఒకటి... డెబ్బై... తొంభై...

గుట్ట యాభై తొమ్మిదికే అయిపోయింది. ఆపైన ఆకాశమే. మబ్బు తునక లేదు.

పోయింది, కుళాయి పోయింది. సువర్ణకు కోపం, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చాయి. మిషనును చేతిలోకి తీసుకుంది. నెత్తికి చాలా పైనుంచి, కుండ తొణికినట్టు, దాని అద్దం మీద చల్లటి నీటిచుక్క పడింది.

రంగన్న తలెత్తి చూస్తున్నాడు. సువర్ణ ఆ చుక్కను తుడవకుండా తనూ తలెత్తింది.