మెట్టు కింద మెంబరు

ఆకాశంలో మబ్బు తునక లేదు. పొద్దు పొడిచీ పొడవకముందే ఎండ తెల్లగా కాగుతోంది. కృపమణి పొయ్యి మీద సంగటి కెలుకుతూ ఒక కన్ను వాకిలి మీదే ఉంచింది. కూతురు సువార్త బడికి వెళ్ళిన ప్రతి పొద్దూ ఆమెకు అదే పని. బడి దూరం కాదు, గట్టిగా పిలిస్తే వినిపించేంత దగ్గరే. అయినా బిడ్డ కనుమరుగు కాగానే ఆమె గుండెలో ముడి పడేది.

ఆ ముడి పెద్దబిడ్డ యోహానుతో మొదలైంది. చదువుకుంటాడని వాణ్ణి దూరాన ఉన్న మగపిల్లల బోర్డింగుకు పంపారు. విషజ్వరం తగిలిందన్న కబురూ, సమాధి చేశామన్న కబురూ ఒకేసారి వచ్చాయి. కొడుకు ముఖం కడసారి చూసుకునే భాగ్యం ఆమెకు దక్కలేదు.

"ఏమే, సంగటి పెడతావా, వాకిలికి కాపలా కాస్తావా?" అన్నాడు లేవి, గనికి వెళ్ళడానికి తలగుడ్డ చుట్టుకుంటూ.

"మెంబరు పెండ్లాన్ని కదా, ఊరిని కనిపెట్టుకోని ఉండల్ల," అంది కృపమణి ముద్ద పళ్ళెంలో వేస్తూ.

లేవి మీసం కింద నవ్వుకున్నాడు. బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాతి గనుల్లో ఆయన చిన్నప్పటి నుంచి రాయి కొడుతున్నాడు. ఊరికి పంచాయితీ బోర్డు వచ్చినప్పుడు ఊరి బయటి పాలెం జనమంతా కలిసి ఆయన్నే మెంబరుగా నిలబెట్టి గెలిపించారు. అప్పటి నుంచి మీటింగుకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ అన్నం దగ్గర కూర్చొని కూతురికి కథలా చెప్పేవాడు. రెడ్డి ఇట్లా అన్నాడు, కోమటి శెట్టి అట్లా అన్నాడు, నేను లేచి అడ్డం చెప్పినాను అని. సువార్త ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి వినేది.

సంగటి సగం తినకముందే సువార్త తిరిగి వచ్చింది. పలక రొమ్ముకు హత్తుకొని వాకిట్లోనే నిలబడింది.

"ఏం మ్మా, అప్పుడే వచ్చినావు?"

"మా రెండో అయ్యవారు గోపన్నయ్యవారు పోతాడంట మ్మా. సెలవులు అయినాక మన బడిలో నాలుగో తరగతి ఉండదంట. మూడుతోనే సరి అంట."

"ఎవరు చెప్పినారు?" లేవి చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది.

"పెద్దయ్యవారే చెప్పినాడు నాయనా. రెండో అయ్యవారికి జీతం ఇచ్చేది లేదని పంచాయితీలో తీర్మానం చేసినారంట."

కృపమణి భర్త వైపు తిరిగింది. ఆయన ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. అది కోపమనుకుంది ఆమె.

"మొన్న మీటింగులో బావి పూడిక మాటే వచ్చిందంటివే?"

"ఆ... బావి మాటే. బడి మాట యాడొచ్చింది? నేను సాయంత్రం పోయి కనుక్కుంటా," అంటూ ఆయన చెయ్యి కడుక్కొని గనికి వెళ్ళిపోయాడు. ముద్ద అలాగే ఉండిపోయింది.

సువార్త మూడో తరగతి ముగించబోతోంది. నాలుగు చదవాలంటే గనుల గుంతల మధ్య బాటన బేతంచెర్ల దాకా నడవాలి. ఆ బాటన ఆడపిల్లను ఒంటరిగా ఎవరూ పంపరు. లేదంటే బోర్డింగు. ఆ మాట తలుచుకోగానే కృపమణికి యోహాను గుర్తొచ్చాడు.

ఇంతలో బోయవీధి హులిగెమ్మ కొంగు నడుముకు బిగించి వచ్చింది. ఆమె కొడుకు కూడా సువార్త తరగతిలోనే ఉన్నాడు.

"ఏమమ్మా మెంబరమ్మా! మీ ఆయప్ప పంచాయితీలో నోట్లో సంగటిముద్ద పెట్టుకోని కూర్చున్న్యాడా? పిల్లోళ్ళ బడి పీకుతాంటే ఒక మాటన్నా అనకూడదా?"

"ఆయనకు తెల్దు హులిగెమ్మా. తెలిస్తే ఊరుకునే మనిషి కాదు. ఆయన లేనప్పుడు చేసింటారు."

"అట్లయితే పా. ఆ రెడ్డినే అడుగుదాం. అడిగితే నాలిక తెగుతాదా?"

ఇద్దరూ దారిలో ఇంకో నలుగురు తల్లుల్ని కూడగట్టుకొని ప్రెసిడెంటు ఎల్లారెడ్డి ఇంటికి వెళ్ళారు. రెడ్డి ఎత్తైన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. పాలెం వాళ్ళు ఆ అరుగెక్కే వాడుక లేదు. బోయవీధి ఆడవాళ్ళు కూడా కిందనే నిలబడ్డారు. రెడ్డి కేకలు వేసే మనిషి కాదు. ఎవరితోనైనా మెత్తగా, నవ్వుతూనే మాట్లాడేవాడు.

"డిస్ట్రిక్టు బోర్డు వాళ్ళు గ్రాంటు తగ్గించినారమ్మా. రెండో అయ్యవారు నిలవల్లంటే పంచాయితీ తన సొమ్ము వెయ్యల్ల. ఆ సొమ్ము గనిబాటకు వేసుకున్న్యాం. రెండూ యాడైతాయి?"

"ఆ బాట పోయేది మీ గనికే కదా రెడ్డీ?" అంది హులిగెమ్మ.

"నా గనిలో రాయి కొట్టేది మీ మొగోళ్ళే కదమ్మా?" రెడ్డి నవ్వాడు.

కృపమణి ఒక అడుగు ముందుకేసింది. "బిడ్డల్ని కన్నోళ్ళం మేము. మాకొక మాట చెప్పకుండా, దండోరా అన్నా వేయించకుండా ఎట్ల చేస్తారయ్యా?"

"మీకు చెప్పేదేముండాది? మీరు ఎన్నుకున్న మెంబర్లు లేరా? అందరూ చెయ్యెత్తినారు. నీ మొగుడు కూడా నా కండ్ల ముందర ఎత్తినాడు. పో మ్మా, ఇంట్లో అడుక్కో."

ఎవరో మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. దారి పొడవునా హులిగెమ్మ నోరు మెదపకపోవడమే కృపమణికి ఎక్కువ బాధనిపించింది.

లేవి గని నుంచి వచ్చేసరికి కనుబొమల దాకా తెల్లటి రాతిదుమ్ము. కృపమణి నీళ్ళు ఇవ్వలేదు.

"చెయ్యెత్తినావా?"

ఆయన గుంజకు ఆనుకొని కూర్చున్నాడు.

"చెప్పు. బిడ్డ బడి తీసెయ్యమని చెయ్యెత్తినావా, లేదా?"

"ఎత్తినా. ఎందుకెత్తినానో నాకు తెల్దు మణీ."

"తెల్దా! తాగి పోయినావా మీటింగుకు?"

"నాకు ఇనపడదు," అన్నాడు లేవి. "వాళ్ళంతా అరుగు మీద కూర్చుంటారు. మొదటి దినం నేను మెట్టు మీద కాలు పెట్టబోతే రెడ్డి, 'లేవీ, నీకు ఆడ గాలి బాగా తగుల్తాది, ఆడే కూర్చో' అన్న్యాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. అప్పట్నుంచి మెట్టు కింద, చెప్పులిడిసే తావే నాది. వాళ్ళు లోగొంతుతో మాట్లాడుకుంటారు. పెదాలు ఆడేది కనపడతాది, అంతే. అందరూ చెయ్యెత్తినప్పుడు నేనూ ఎత్తుతా. ఎత్తకుంటే 'ఏమిరా, నీకేమొచ్చింది' అంటారని."

"మరి ఇన్నాళ్ళు మాకు చెప్పిందంతా? రెడ్డికి అడ్డం చెప్పినానంటివే! శెట్టి నోరు మూయించినానంటివే!"

"అంతా నేను కల్పించిందే. దావలో నడుస్తా నడుస్తా అల్లుకుంటా వచ్చేది."

మూలన సువార్త పలక తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది. తండ్రి అటు చూడలేకపోయాడు.

"పాలెమంతా దండేసి పంపినారు," అన్నాడు మెల్లగా. "ఈ పిల్ల బడిలో 'మా నాయన మెంబరు' అని చెప్పుకుంటాది. చెప్పుల కాడ కూర్చొని వచ్చినానని ఏ నోటితో చెప్పేది?"

కృపమణికి జాలీ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. కోపమే ముందు నోటికొచ్చింది.

"కింద కూర్చోబెట్టింది వాళ్ళ పాపం. మాకు చెప్పకపోయింది నీ పాపం. చెప్పింటే మేము పదిమందిమి వచ్చి నీ పక్కన నిలబడే వాళ్ళం కదయ్యా!"

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అన్నానికి పిలవలేదు.

తరువాతి మీటింగు రోజు పాలెం వాళ్ళూ బోయవీధి వాళ్ళూ పిల్లలతో సహా రెడ్డి వాకిట్లో నిలబడ్డారు. అరుగు మీద మాటలు గుసగుసగా సాగుతున్నాయి. చేతులు లేచాయి. లేవి చెయ్యి లేవలేదు.

"ఏమిరా లేవీ, నిద్రపోతాండావా?" అన్నాడు రెడ్డి.

లేవి లేచి నిలబడ్డాడు.

"ఇనపడలేదయ్యా. దేనికి ఎత్తల్లనో గట్టిగా చెప్పండి. పోయినసారీ ఇనపడలేదు. బడి మీద నేనెత్తిన చెయ్యి లెక్కలోకి తీసుకోవద్దండి."

"ఇనపడకుంటే పైకి రావల్ల. ఎవరు వద్దన్న్యారు?"

"ఎవరు రమ్మన్న్యారయ్యా?"

అరుగు మీద ఒకాయన పక్కవాడి ముఖం చూశాడు. ఇంకొకాయన కండువా సర్దుకున్నాడు. లేవి మెట్టు మీద కాలు పెట్టాడు. అంతే, శెట్టి లేచి, "నాకు అంగట్లో పని ఉండాది," అంటూ దిగిపోయాడు. ఒకరి వెనుక ఒకరు మెంబర్లంతా వెళ్ళిపోయారు. రెడ్డి మెత్తగా నవ్వి, "మీటింగు అయిపాయె లేవీ. కూర్చో, ఎంతసేపన్నా కూర్చో," అని తలుపు వేసుకున్నాడు.

ఆ ఖాళీ అరుగు మీద లేవి కాసేపు నిలబడి దిగి వచ్చాడు. దారిలో హులిగెమ్మ, "ఇప్పుడైనావు లేప్పా మెంబరువి," అంది. ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు.

మరునాడు రెడ్డి గనిలో లేవికి పని లేదన్నారు. గోపన్న అయ్యవారు పెట్టె సర్దుకొని రైలెక్కారు. ఆయన్ను సాగనంపడానికి వెళ్ళిన పిల్లలు ఏడుస్తూ తిరిగొచ్చారు. సెలవులయ్యాక బడి తెరిచారు కానీ సువార్త తరగతి తెరవలేదు.

లేవి దూరపు గనిలో పనికి కుదిరాడు. కృపమణి కూడా అక్కడే రాతిచెక్కులు మోయడానికి వెళ్ళింది. సువార్తను ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తీసుకెళ్ళింది. "నా కంటి ముందర ఉంటే చాలు," అనేది. ఊరికే కూర్చోవడం ఎందుకని పిల్ల కూడా చిన్నగంప ఎత్తుకుంది. కొన్నాళ్ళకే అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. ఒకరోజు రాతిపలక జారి పడి వేలిగోరు ఊడింది. పిల్ల ఏడవలేదు. గుడ్డపేలిక చుట్టుకొని మళ్ళీ గంప ఎత్తుకుంది.

అది చూసి లేవి ఉండబట్టలేకపోయాడు.

"మణీ, పట్నంలో ఆడపిల్లల బోర్డింగు ఉండాది. గుళ్ళో పాస్టరయ్యగారు చీటీ రాసిస్తానన్న్యాడు."

"ఆ మాట నా ముందర అనొద్దు! ఒకణ్ణి పంపి మన్ను చేసుకుంటిమి. చాలలేదా?"

"అన్ని తావులూ ఒకటే కాదు."

"నీకేం తెలుసు? మళ్ళా కల్పించి చెప్తాండావా?"

ఆ మాట ఆయనకు లోతుగానే తగిలింది. ఒకరోజు కూలి పోగొట్టుకొని రైలెక్కి పట్నం వెళ్ళాడు. మరునాడు పొద్దున తిరిగొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా పొయ్యి ఎదురుగా కూర్చున్నాడు.

"చూసొచ్చినా. చెప్పేదా?"

కృపమణి పొయ్యి ఊదుతూ ఉండిపోయింది. వద్దనలేదు.

"గది ఇరుకు. పిల్లోళ్ళు చాపల మీద ఒకరినొకరు ఆనుకొని పడుకుంటారు. బావినీళ్ళు ఉప్పగా ఉండాయి, నేను తాగి చూసినా. సంగటి మనింట్లో మాదిరి ఉండదు, పలచన. వార్డెనమ్మ కోపిష్టి. నా ముందరే ఒక పిల్లను కసురుకునె. ఒంట్లో బాగలేకుంటే ఏం చేస్తారని అడిగితే, ఆస్పత్రికి తీసకపోతాం, ఇంటికి కబురు చేస్తాం అన్న్యారు. చేస్తారో లేదో నాకు తెల్దు. చదువు మాత్రం చెప్తాండారు. కిటికీ కాడ నిలబడి శానాసేపు పాఠం ఇన్న్యా. ఇంకొక పిల్ల గోడ పక్కన కూర్చొని, నేనున్నంతసేపూ ఏడుస్తానే ఉండె."

కృపమణి తల ఎత్తి భర్త ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళలో ఆయన ఎక్కడికి వెళ్ళొచ్చినా మంచి మాటలే తెచ్చాడు. ఇలాంటి కబురు తేవడం ఇదే మొదలు. అది విన్నకొద్దీ భయం పెరగాలి. కానీ ఆ ఇరుకు గది, ఆ ఉప్పునీళ్ళు ఆమెకు కళ్ళకు కట్టాయి. కొడుకు ఉన్న చోటు ఎలాంటిదో ఆమెకు ఈనాటికీ తెలియదు. ఎవరూ చూసి చెప్పలేదు. తెలియని చోటును తలుచుకొనే ఆమె ఇన్నాళ్ళూ కుమిలింది. కంటి ముందర ఉందనుకున్న ఈ బిడ్డ కూడా, గంప కింద రోజుకింత తరిగిపోతూనే ఉంది. ఆ సంగతి ఈ పొద్దున ఆమె మనసుకెక్కింది.

"నెలకొకసారి నువ్వు పోయి చూసి రావల్ల," అంది చివరికి. "ఉన్నదున్నట్లు చెప్పల్ల. చెడ్డదైనా సరే, చెప్పల్ల."

"చెప్తా."

"నాతోడు."

"నీతోడు మణీ."

గుడ్డ చుట్టిన వేలితో సువార్త తండ్రి దగ్గరికి జరిగింది. గుట్టు బయటపడ్డ నాటి నుంచి ఆ పిల్ల తండ్రిని ఏ కబురూ అడగలేదు. ఇప్పుడు అడిగింది.

"నాయనా, ఆ ఏడ్చే పిల్ల పేరేంది?"

లేవి నోరు తెరిచి మళ్ళీ మూశాడు. ఏదో ఒక పేరు చెప్పడం ఆయనకు ఎంతసేపు పని?

"అడగలేదు మ్మా," అన్నాడు. "నాకు తెల్దు."

సువార్త వేలి గుడ్డ సర్దుకుంది.

"పోనీలే నాయనా. నేను పోయినాక అడుగుతా."

కృపమణి కొంగులో ముఖం దాచుకొని ఏడ్చింది. ఏడుస్తూనే చెయ్యి చాచి, రాతిదుమ్ముతో బిరుసెక్కిన బిడ్డ తలను ఒళ్ళోకి తీసుకొని, చిక్కు తీయడం మొదలుపెట్టింది.