మంచుకొన గుడిసెలో గొడ్డలి చప్పుడు

ఆ మంచుదీవి ఉత్తరపు కొనలో ఉన్న గుడిసెకి మంచి పేరు లేదు. మనిషుండడు, పొగ రాదు — లోపల మాత్రం ఎవరో కట్టెలు కొడుతుంటారట. నక్కల వేటగాళ్లు నాలుగు మైళ్లు చుట్టు తిరిగైనా పోతారు గానీ అక్కడ ఆగరు.

వాళ్లలో ఒకడైన సీవెర్ట్ అయితే అసలు ఆగడు. రెండేళ్ల కిందట అతని తమ్ముడు ఈలెర్ట్ గడ్డకట్టి చచ్చిపోయింది అందులోనే.

ఆ దీవిలో ఒక కట్టుబాటుంది. గుడిసె వదిలిపోయేవాడు పొయ్యిలో చితుకులు పేర్చి, అగ్గిపెట్టె పక్కన పెట్టి మరీ పోవాలి. వెనకొచ్చేవాడి వేళ్లు గొడ్డలి పట్టేలా ఉంటాయో లేదో ఎవడికి తెలుసు?

తమ్ముడికి ముందు ఆ గుడిసెలోంచి వెళ్లింది సీవెర్టే. "నేను పేర్చే వెళ్లాను" అన్నాడు. శవం చుట్టూ కాలిన అగ్గిపుల్లలు, ఖాళీ పొయ్యి చూసి, "పేర్చిన చితుకులు కాల్చుకున్నా మంట నిలుపుకోవడం చేతకాలేదు వెర్రివాడికి" అనుకున్నారంతా.

సీవెర్ట్ చెప్పింది అబద్ధం... ఆ రోజు ఎలుగుబంటి కనబడిందని తుపాకీ పట్టుకుని పరిగెత్తాడు. పొయ్యి మాటే మరిచాడు. ఆ అబద్ధం అప్పట్నుంచీ అతన్ని తినేస్తూనే ఉంది.

ఈ ఏడు, సూర్యుడు మొహం చూపించని నెలల్లో, మంచుతుపాను అతన్ని సరిగ్గా అక్కడే పట్టుకుంది. మంచుబండి లాగే కుక్కలు మొరాయించాయి. తానే బండి లాగి లాగి వేళ్లు కొయ్యబారాయి.

టక్... టక్...

గుడిసెలోంచే.

"ఎవరది?" అని అరిచాడు. చప్పుడు ఆగిపోయింది.

భుజంతో తలుపు తోశాడు. చీకటి — ఎవరూ లేరు. పొయ్యి ఖాళీగా ఉంటుందని తెలుసు. తమ్ముడికి తాను మిగిల్చింది అదే కదా. అయినా మణికట్టుతో తడిమాడు...

నిండా చితుకులు. ఇప్పుడే చెక్కినట్టు వాసన. వంగి మొహంతో వెతికితే, పక్కన అగ్గిపెట్టె సగం తెరిచి, ఒక్క పుల్ల బయటికి లాగి ఉంది — వేళ్లు పనిచేయనివాడు పళ్లతో అందుకునేలా.

మంట లేచింది. దాని ముందు కూలబడి సీవెర్ట్ వెక్కి వెక్కి ఏడ్చాడు. "నన్నెందుకు బతికించావురా..."

మూడోనాడు రేవు దగ్గరి బసలో ముసలి హోల్గెర్ అతని చేతులకి కట్టు కట్టాడు. అప్పట్లో ఈలెర్ట్ శవాన్ని మోసుకొచ్చింది ఆయనే.

"ఆ పొయ్యి నువ్వు పేర్చావా, పెద్దాయనా?"

"మీ తమ్ముణ్ని తెచ్చాక ఆ గడప ఎవడు తొక్కాడ్రా?" ముసలాయన గొంతు తగ్గించాడు. "ఎవరు పేర్చారంటావు?"

సీవెర్ట్ కట్టు కట్టిన చేతులు ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఇప్పుడెవరో తెలీదు... ఆ రోజు మాత్రం నేను పేర్చలేదు, పెద్దాయనా."