సిస్టర్ చిరునవ్వు

"నిష్కళంక మరియమ్మకు వందనం!"

స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఓ సన్యాసినుల మఠం గోడకు, లోపలివాళ్లు కనపడకుండా సరుకు అందించేలా అమర్చిన చెక్క చక్రం ముందు నిలబడి, మిఠాయి కొనేవాళ్లందరూ పలికే మాటే ఎలిసియో పలికాడు.

"పాపమంటని తల్లికి వందనం. ఏం కావాలి నాయనా?" లోపలి నుంచి ముసలి గొంతు.

"తీపి తక్కువది ఒక డబ్బా."

అది కోడ్. చక్రం గిర్రున తిరిగింది. డబ్బా వచ్చింది, దాని అడుగున ఒక కాగితం. పన్నెండేళ్లుగా హెడ్‌క్వార్టర్స్ ఆర్డర్లు ఈ దారినే అందుతున్నాయి. ఆ గొంతు తాలూకు ముఖం మాత్రం అతనెరగడు.

'ఏడుగురు ఏజెంట్ల పేర్లున్న మైక్రోఫిల్మ్ శత్రువులకు చిక్కింది. పన్నెండున్నర రైల్లో ఊరు దాటుతుంది. ఏదో బేకరీలో చేతులు మారుతుందని అరసెలి కబురు. ఆపు.'

కింద రాసిన ఏడింటిలో మూడో పేరు నికాసియో. ఎలిసియోకి ఉన్న ఒక్కగానొక్క తమ్ముడు. పరాయి రేవులో మారుపేరుతో చేపల వలలు బాగుచేసుకుంటున్నాడు. ఫిల్మ్ ఊరు దాటితే వాడు బతకడు. ఎలిసియో కాగితాన్ని మిఠాయితో కలిపి నమిలి మింగేశాడు.

అరసెలి వీధి మలుపులో కలిసింది. శత్రువుల జీతం తింటూ మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె ఎర్ర గౌనులో నడిచొస్తే స్కూటర్లు దారి తప్పుతాయి.

"బూడిదరంగు టోపీ. చేతిలో పేపర్. వాడే కొరియర్."

"ఏ బేకరీ?"

"తెలీదు. ఐదింట్లో ఏదో ఒకటి."

ఎలిసియో దొంగమీసం అంటించుకుని, మెడలో కెమెరా తగిలించుకుని, ఉత్తర యూరప్ టూరిస్టు వేషం కట్టాడు. మొదటి కొట్లో ఆలివ్ నూనె పోసిన రొట్టె, కాఫీ. రెండోదాంట్లో తేనెలో ముంచిన పేస్ట్రీ, కాఫీ. మూడు, నాలుగు కొట్లలోనూ అదే తంతు. తినకుండా కూర్చుంటే అనుమానిస్తారాయె. టోపీ ఉన్నవాడికి పేపర్ లేదు, పేపర్ ఉన్నవాడికి టోపీ లేదు. ఐదో కొట్టుకు చేరేసరికి అతని గుండె దడదడలాడుతోంది. కుర్చీలో నిలకడగా కూర్చోలేడు, లేచి తిరగలేడు. కాఫీ ఆవిరికి మీసం ఒక పక్క ఊడుతోంది.

ఓనర్ ఒనోరియో మొత్తమ్మీద ఏడో కప్పు పెడుతూ, "అది పొట్టా, మా పొయ్యా సార్? కాలు కాస్త ఆపండి, బల్ల విరిగేలా ఉంది!" అన్నాడు.

పన్నెండూ పది. అతని వెంటే కొట్లన్నీ తిరిగిన అరసెలి లేచింది.

"వాడిటు రాడేమో. నేను నది వైపు చూసొస్తా. ఒంటిగంట దాకా నువ్విక్కణ్ణించి కదలకు."

ఆమె చంకలో మఠం మిఠాయి డబ్బా ఉంది. వాకిట్లో టాక్సీ ఇంజన్ ఆపకుండా కాచుకుని ఉంది.

"ఎవరికది?" ఊరికే అడిగాడు.

"మా అమ్మకి. పొద్దున మఠంలో కొన్నా. ఆ సిస్టర్ ఎంత ముద్దుగా ఉందనుకున్నావ్! నవ్వుతూ ఒకటి ఎక్కువే వేసింది."

పొద్దుటి నుంచి ఆడుతున్న ఎలిసియో కాలు టక్కున ఆగిపోయింది.

"అరసెలీ! పన్నెండేళ్లుగా వెళ్తున్నా. ఆ చక్రం వెనక సిస్టర్ గోరు కూడా నేను చూళ్లేదు. నీకు నవ్వెక్కడ కనపడింది?"

ఆమె పెదాల మీద నవ్వు మాయమైంది. చేతిలోకి లిప్‌స్టిక్ వచ్చింది. అది లిప్‌స్టిక్ కాదు, పిస్టల్.

ఏజెంట్ మెరుపులా దూకి ఆమె చెయ్యి ఒడిసిపట్టాడని తర్వాత రిపోర్టులో రాశారు. అంతా ఉత్తిదే. ఆరు కాఫీలు తాగిన చెయ్యి గజగజ వణికింది. పట్టుకున్న ఏడో కప్పులోని సలసల కాగే కాఫీ ఆమె మణికట్టు మీద ఒలికింది. గుండు గురి తప్పి పైన వేలాడుతున్న పంది తొడలో దిగబడింది.

"అయ్యో, రెండేళ్లు ఆరబెట్టానే!" ఒనోరియో ఘొల్లుమని, కడుపుమంట కొద్దీ ఆమెను రెండు చేతులా పట్టేసుకున్నాడు.

టాక్సీ పరారైంది. ఎలిసియో మిఠాయిలు ఒక్కొక్కటే చిదిమాడు. పదకొండోదానిలో ఫిల్మ్ దొరికింది. దూరంగా రైలు కూత వేసి, ఫిల్మ్ లేకుండానే వెళ్లిపోయింది. తమ్ముడు బతికాడు. ఎలిసియో నేల మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు మళ్లీ చక్రం ముందు నిలబడ్డాడు.

"మీ తమ్ముడు రాత్రి చేపలు కాల్చుకుని సుబ్బరంగా తిన్నాట్ట," అంది గొంతు.

"సిస్టర్, ఒక్కసారి మీ ముఖం చూపించకూడదూ?"

"అబ్బో! చూపిస్తే రేపు నన్ను చూశామనే అబద్ధాలకోర్లను ఎలా పడతావు నాయనా?"

చక్రం తిరిగింది. ఈసారి కాగితం లేదు. పొగలు కక్కుతున్న చామంతి టీ గ్లాసు ఉంది, కాఫీ వారం దాకా బంద్ అని లోపలి గొంతు ఇచ్చిన ఆర్డరుతో సహా.