నల్లవీపు కింద నాలుగో దెబ్బ

చచ్చినవాళ్ళు ఎదురు చెప్పలేరని మీకెవరు చెప్పారు?

ఉత్తరాన మంచుదేశంలో, మా ఊరి ఎదుట సముద్రంలో నల్లవీపు అని ఒక బండ ఉంది. సీల్ జంతువు నీళ్ళలోంచి వీపు తేల్చినట్టు ఉంటుంది. శీతాకాలం సముద్రమంతా గడ్డకట్టాక, దాని చుట్టూ మంచు పలకలు పలకలుగా విరిగి నిలబడుతుంది. పున్నమికీ అమావాస్యకీ అడుగున నీళ్ళు దూరంగా తీసేస్తాయి. పైన మంచు మాత్రం ఇంటి కప్పులా అలాగే ఉండిపోతుంది. గునపంతో కన్నం పొడిచి, లోపలికి దిగి, ఆల్చిప్పలు ఏరుకుని, పోటు తిరిగేలోపు పైకి వచ్చేయాలి. అరగంట... అంతే.

ఊళ్ళో అందరూ చేసే పనే. కానీ నల్లవీపు దగ్గర ఎవరూ దిగరు. నలభై ఏడు శీతాకాలాలుగా దిగలేదు.

రాత్రి దాకా ఆగక్కర్లేదు అక్కడ. మంచు కింద మిట్టమధ్యాహ్నమే చీకటి.

అక్కడ మునిగిపోయిన ఆడమనిషి పేరు నివియాక్. ఆశపోతు అంటారు ఊళ్ళో. నీళ్ళు తిరిగాయి రమ్మని పైన కాపలా ఉన్న ఆమె ఆడపడుచు ఉలాయు గునపంతో మంచు మీద కొట్టి కొట్టి పిలిచిందట. ఇంకో గుప్పెడు, ఇంకో గుప్పెడు అనుకుంటూ నివియాక్ రాలేదట. తప్పు ఎవరిదో తేలిపోయింది. చచ్చినదానిదే.

అందుకే ఆ పేరు ఎవరికీ పెట్టలేదు. మాలో పేరు ఊరికే పోదు. పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి పెడితే, పేరుతో పాటు మనిషీ వస్తుంది, వరసా వస్తుంది. ఉలాయు మనవడు తీవికి ఆవిడ తండ్రి పేరు పెట్టారు. ఈ అరవై ఆరేళ్ళ మనిషి ముప్ఫై ఏళ్ళవాణ్ణి "నాన్నా" అనే పిలుస్తుంది, నిజంగానే తండ్రిలా లెక్క చేస్తుంది. వాడూ తక్కువవాడు కాదు. చలిలో ఆవిడ తలగుడ్డ లేకుండా బయటికొస్తే, "అమ్మాయ్, లోపలికి నడువు" అని గదుముతాడు.

తీవి భార్య సియాసికి ఐదో నెల. అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. ఈసారి ఆమెకి ఒకటే కల... తడి జుట్టు మనిషి గుమ్మంలో నిలబడి తాగడానికి నీళ్ళు అడుగుతోంది. ఆ కలకి అర్థం మాలో పసిపిల్లలకీ తెలుసు. పేరు ఎవరికీ పెట్టని పోయిన మనిషి తన పేరు పెట్టమంటోంది.

సియాసి అది ఉలాయుకి చెప్పింది. ఇంట్లో పేర్లు పెట్టేది ఆవిడే. ఆవిడ కుడుతున్న తోలు బూటు మీంచి తలెత్తలేదు.

"ఆశపోతు పేరు నా ఇంట్లోనా? పుట్టబోయేదాని మీద అంత కోపమా నీకు?"

సియాసి ఊరుకునే రకం కాదు. ఎవరైనా వద్దంటే ఎందుకు వద్దో తేల్చుకునేదాకా నిద్రపట్టదు ఆమెకి. ఆ పున్నమికి తీవిని నల్లవీపుకే తీసుకెళ్ళమంది. కడుపులో ఉన్నదానికి తన పేరు పెట్టమనే మనిషెవరో తనకి తెలియాలంది. తీవి నవ్వాడు. "కనిపిస్తే చెప్పు, రెండు బకెట్లు ఏరిపెడుతుంది. ఆశపోతు కదా."

సియాసి దిగింది.

నుదుటి దీపం వెలుగులో పైనంతా మంచు ఈకలు. కింద నాచు పట్టిన రాళ్ళు, వాటి సందుల్లో నల్లగా ఆల్చిప్పలు. ఎక్కడో చుక్క రాలుతోంది... టప్... టప్. పైన పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ముసలివాళ్ళలా మూలుగుతున్నాయి. సియాసి మోకాళ్ళ మీద వంగి ఏరుతోంది. బకెట్ సగం కూడా నిండలేదు.

ఠక్. ఠక్. ఠక్.

ఆగింది...

ఠక్.

గడియారం చూసుకుంది. పన్నెండు నిమిషాలే. తీవి ఆటపట్టిస్తున్నాడు అనుకుంది. మళ్ళీ వంగింది.

ఠక్. ఠక్. ఠక్... ఠక్.

ఈసారి తల తిప్పింది. కన్నం ఆమె వెనక ఉంది. చప్పుడు ముందు నుంచి వస్తోంది — సముద్రం వైపు నుంచి, మనిషి పట్టని చోటు నుంచి.

మూడోసారి అది దూరంలో లేదు. ఆమె చెయ్యి ఆనించిన మంచు పలకే అదిరింది. అటువైపు నుంచి ఎవరో పిడికిలితో కొట్టినట్టు...

బకెట్ వదిలేసింది. కడుపు కింద ఒక చెయ్యి పెట్టుకుని పాకింది. సగం దూరంలో బూటుకి చల్లగా తగిలింది. నీళ్ళు. కన్నం అంచు అందేసరికి మోకాళ్ళ దాకా వచ్చాయి. ఆమె అరుపుకి తీవి పరిగెత్తుకొచ్చి చంకల కింద పట్టి లాగాడు. వాళ్ళ కాళ్ళ కింద ఏదో పెద్దది కూలింది. కన్నంలోంచి నల్లటి నీళ్ళు ఒక్కసారిగా ఎగదన్నాయి.

గాలి సముద్రం మీంచి తోస్తోంది. పోటు ముందే తిరిగింది. తీవి అది చూడలేదు, ఇంకా టైముందని టీ కాచుకుంటున్నాడు.

"నువ్వు కొట్టకపోతే..." అంది సియాసి, పళ్ళు టకటకలాడుతుంటే.

"నేను కొట్టలేదు."

గునపం స్లెడ్జి బండి మీదే ఉంది. కన్నం పొడిచాక గాలికి కొట్టుకొచ్చిన పొడి మంచు దాన్ని కప్పేసి ఉంది. దాని మీద ఒక్క వేలిముద్ర లేదు.

ఇంటికెళ్ళాక తీవి మంచు పగిలిన చప్పుడు అయ్యుంటుందన్నాడు. ఎక్కడికెళ్ళారని ఉలాయు అడిగింది. చెప్పారు. ఆవిడ తిట్టలేదు. ఎలా వినిపించిందని మాత్రం అడిగింది. సియాసి బల్ల మీద కొట్టి చూపించింది. మూడు. ఆగి... ఒకటి.

ఉలాయు చేతిలో సూది తోలులోంచి దూసుకొచ్చి వేలిలో దిగింది. ఆవిడ తీసుకోలేదు.

"ఊళ్ళో అందరూ మూడే కొడతారు," అంది. "నాలుగోది మా ఇద్దరిదే. పైనున్నది నేనేలే, భయపడకు అని. వదినకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు."

"మరి ఆ రోజు కొట్టావా, నాయనమ్మా?"

ఆవిడ సూది లాగి బూటు పక్కన పెట్టింది. సియాసి మళ్ళీ అడిగింది. మళ్ళీ అడిగింది.

అప్పుడు చెప్పింది. ఆ రోజు పొద్దున వదిన నలుగురిలో ఉలాయు కుట్టిన బూట్లు చూసి, వంకర కుట్టు, ఇవి తొడుక్కున్నవాడు ఇంటికి కాదు పక్కింటికి పోతాడు అని నవ్వించిందట. నీళ్ళు తిరగడం ఉలాయు చూసిందట. మోకాళ్ళు తడవనీ, కాస్త హడలనీ, అప్పుడు కొడదాం అనుకుందట...

"నీళ్ళు ఆగలేదే," అంది ఉలాయు. "నేను ఆగాను."

ఎవరికీ చెప్పొద్దని, బిడ్డకి ఇంకే పేరైనా పెట్టుకోమని ఆవిడ సియాసి చేతులు పట్టుకుంది. సియాసి ఆ చేతులు విడిపించుకుంది. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఎండాకాలంలో ఆడపిల్ల పుట్టింది. బతికింది. ఊరంతా ఇంట్లో చేరాక ఉలాయు నేల చూస్తూ చెప్పింది — నేను కొట్టలేదు, మా వదిన ఆశపోతు కాదు. సియాసి పసిదాన్ని తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"వదినా," అంది ఉలాయు. నలభై ఏడేళ్ళ తర్వాత.

పసిదాని పిడికిలి ఆవిడ రొమ్ము ఎముక మీద పడింది. ఒకటి. రెండు. మూడు.

ఉలాయు ఊపిరి బిగబట్టింది.

నాలుగోది రాలేదు.

తర్వాత బతికిన మూడేళ్ళూ ఆవిడ ఆ పిల్ల పక్కనే కూర్చుంది... ఎదురుచూస్తూ.

మీ ఇళ్ళల్లోనూ ఉంటుంది ఒక మనిషి, తన తప్పుకి తనే పోయిందని అందరూ చెప్పే మనిషి. ఇంటికెళ్ళండి. పెద్దవాళ్ళని కూర్చోబెట్టండి. ఆ రోజు కన్నం దగ్గర కాపలా ఉన్నదెవరో అడగండి. జవాబు రాకపోతే మళ్ళీ అడగండి.